ఆవగింజంత నల్లమందు

సకల జనుల సమ్మె రోజులు. కొత్తపేటలో దుకాణాలన్నీ మూసి ఉన్నా నా పశువుల దవాఖాన మాత్రం తెరిచాను. మేకలకూ కుక్కలకూ సమ్మె ఏం తెలుసు? ఆ మాట అన్నందుకు మా కాంపౌండర్ అలిగి ర్యాలీకి పోయాడు. పోతే పోనీ అనుకున్నాను.

మధ్యాహ్నం కర్మన్‌ఘాట్ నుంచి మేకలు కాసుకునే అండాలమ్మ నడిచి వచ్చింది, కొంగులో మొన్న పుట్టిన మేకపిల్లతో. బంద్ చేయించేవాళ్ళు వస్తున్నారని ఎవరో గబుక్కున దుకాణం షట్టర్ దించితే కింద పడుకున్న తల్లిమేక కాలూ పిల్ల కాలూ నలిగాయట.

"పొద్దుగాల నుంచి ఒర్రింది డాక్టరమ్మా. ఇప్పుడు సప్పుడు లేదు. జర సూడు."

పిల్ల వేలాడిపోతోంది. నాలుక నీలం. ఊపిరి ఎప్పుడో ఒకటి. కాలు నలిగితే ఊపిరెందుకు పోతుంది?

"ఏం తాపినవ్ దీనికి?"

"మా మామ మోకాళ్ళ నొప్పులకు దాసుకున్న నల్లమందు. తల్లికి శెనగగింజంత, దీనికి ఆవగింజంత. తల్లి మంచిగనే ఆకు మేస్తున్నది."

నాకు ఒళ్ళు మండింది. "బుద్ధున్నదా నీకు?" అని అరుస్తూనే, దవాఖానలో మిగిలిన ఒకే ఒక్క విరుగుడు ఇంజెక్షన్ వేశాను. "ఛాతీ రుద్దు. ఆపకు."

ఊపిరి అందుకున్నట్టే అందుకుని మళ్ళీ తగ్గింది. విరుగుడు తొందరగా అరిగిపోతుంది, నల్లమందు పసి ఒంట్లో ఉండిపోతుంది. ఇక మా చేతులే దిక్కు. నేను ముక్కు దగ్గర ఆక్సిజన్ గొట్టం పట్టుకున్నాను. "తియ్యి బిడ్డా, ఊపిరి తియ్యి," అని అండాలమ్మ దాని చెవిలో బతిమాలుతూనే ఉంది. పాపం, నా కోపమంతా దిగిపోయింది.

"తక్కువనే ఇచ్చిన గద డాక్టరమ్మా."

"ఎంత తక్కువైనా పసిదాని లెక్క వేరు. పెద్దదానికి నొప్పి తగ్గి ఊరుకుంటది. పసిదానికి నొప్పితోపాటు ఊపిరి గూడ తగ్గిపోతది. మందును బయటికి తోసే బలం దాని కార్జానికి ఇంక రాలే. పసిదానికీ నొప్పుంటది, మందు ఇయ్యొచ్చు. కాని డాక్టర్లు పక్కనే కూసొని, ఊపిరి సూస్కుంట, రవ్వంత ఇయ్యాలె."

"మనిషి పిల్లకు గూడ అంతేనా?"

"అంతే."

ఆమె చేయి ఆగింది. "అయ్యో, ఆపకమ్మా!" అన్నాను. మళ్ళీ రుద్దసాగింది.

పొద్దు వాలే వేళకు పిల్ల తలెత్తి గట్టిగా అరిచింది. నొప్పి అరుపే, అయినా నాకు నవ్వొచ్చింది. అండాలమ్మ మాత్రం ఏడ్చింది. సంతోషమేమో అనుకున్నాను.

"నా మొదటి బిడ్డ గూడ గిట్లనే పండుకున్నది. ఊకె ఏడుస్తుంటే మా అత్త ఆవగింజంత వెట్టింది. మల్ల లేవలే. నా పాలు ఇసమైనయన్నరు అందరు. ఎన్క కొడుకు పుడితే రొమ్ములు గట్టిగ గుడ్డ గట్టుకున్న. పక్కింటామెతోని పాలిప్పిచ్చిన. వాడు నా దిక్కు మూతి జాపితే ఏడ్సుకుంట దూరం జరిగిన."

కన్నీళ్ళు తుడుచుకోలేదు. పిల్ల మీద నుంచి చేతులూ తీయలేదు.

"అయితే నా పాలు మంచియేనా డాక్టరమ్మా?"

"మంచియే అండాలమ్మా," అన్నాను. "అప్పుడు గూడ మంచియే."