వీపెడు నునుపు

ఎదురింటి గోడకు కంకర తగులుతున్న చప్పుడు విని, చిన్నకోడలు చేతిలో పని వదిలేసి వీధిలోకి వచ్చింది. పేరుకు చిన్నకోడలేగానీ ఏళ్లు డెబ్బై దాటాయి. ఎదురిల్లు ఆమె తోడికోడలిది. మధ్యాహ్నమైతే ఆ ఇంటి బయటి గోడ పక్కన నీడ పడుతుంది. ముప్పై ఏళ్లుగా ఇద్దరూ అక్కడ పీటలు వేసుకుని, గోడకు వీపులు ఆనించి, లోకంలో అందరినీ తూర్పారబడుతున్నారు. భర్త పోయాక చిన్నకోడలి రోజులో మిగిలింది ఆ ఒక్క గంటే.

ఇప్పుడు మేస్త్రి సిమెంటులో సన్నకంకర కలిపి, తాపీతో ఆ గోడకేసి విసురుతున్నాడు. ఆరితే ముళ్లకంపే. వీపు ఆనిస్తే రవిక చిరగాల్సిందే.

నున్నగా పూయవేమని అడిగింది. గరుకైతే పగుళ్లు కనపడవనీ, పెద్దమ్మగారే కోరి చేయించుకుంటున్నారనీ చెప్పాడు మేస్త్రి.

కోరి చేయించుకుంటోందట. పోయిన వారం టీ పలచగా ఉందని తను అన్నది. అప్పటినుంచే అక్క ముభావంగా ఉంటోంది. నిన్న తనను చూసి, మాట్లాడుతున్న ఫోను చటుక్కున పెట్టేసింది. పొమ్మనలేక పొగబెట్టడం విన్నదిగానీ, గోడకు కంకర పెట్టడం ఇదే చూడటం.

అంతలో మేస్త్రి కిందికి వంగి ఒకచోట కంకర వేయడం ఆపేశాడు. పీట ఎత్తు నుంచి మెడ ఎత్తు దాకా చెక్కతో నున్నగా రుద్దసాగాడు. అదేమిటని అడిగింది.

"మీ వీపు కోసం వదలమన్నారమ్మా."

కుదుటపడబోయిన మనసు మళ్లీ శంకించింది. దగ్గరికెళ్లి జానతో కొలిచింది. మూడు జానలు. ఒక్క మనిషికే సరి.

పెద్దకోడలు గుమ్మంలోకి వచ్చింది.

"నీ వీపు ఎక్కడ ఆనుతుందక్కా?"

పెద్దకోడలు కొంగు అంచు సవరించుకుంది. "అమ్మాయి తీసుకెళతానంటోందే. ఈ మోకాళ్లతో ఒక్కదాన్నే ఉండలేను. నెలాఖరుకి ఇల్లు అద్దెకిస్తున్నాం. నువ్వు కూర్చుంటే అడ్డు చెప్పొద్దని దిగేవాళ్లకు ముందే చెప్పాను. నేనూ వస్తుంటాలే."

వస్తుంటానని వెళ్లినవాళ్లను చిన్నకోడలు చాలామందినే చూసింది. నమ్మలేదు. మేస్త్రి వైపు తిరిగింది.

"పచ్చి ఆరకముందే పక్కన ఇంకో మూడు జానలు గీకి నున్నగా చెయ్యి నాయనా. అక్క రాకపోతే, ఆ ఖాళీ చూస్తూ ఫోనులో తిట్టడానికైనా ఉంటుంది."