చూసి గీసిన బొమ్మ

మ్యూజియంలో ఆమెను అందరూ బొమ్మలమ్మ అనే పిలుస్తారు. ఇరవై రెండేళ్లుగా మైక్రోస్కోపుకు కన్ను ఆనించి, ఎవరెవరో కనిపెట్టిన పురుగులకు బొమ్మలు గీసిపెట్టింది. ఏ వ్యాసంలోనూ ఆమె పేరు ఉండదు. లేకపోతే పోయింది, ఇన్నాళ్లూ ఆమె పట్టించుకున్నదీ లేదు.

ఈసారి అలా కాదు. సాలీడు ఆమెది. ఊరి బయట, అక్కడో చెట్టు ఇక్కడో చెట్టు తప్ప అంతా నడుంలోతు గడ్డి ఉన్న మైదానంలో, సెలవురోజుల్లో మోకాళ్ల మీద పాకి పట్టుకుంది. బియ్యపుగింజంత ఒళ్లు, నుదుటి మీద నారింజరంగు పట్టీ. గూడు అల్లదు, గురిచూసి దూకుతుంది. వాటిని సీసాల్లో పెట్టి వంటింటి కిటికీలో పెంచుతుంటే అత్తగారిది రోజూ ఒకటే పాట: "సాలెపురుగుల్ని చీపురుతో దులిపే కోడళ్లని చూశాగానీ, ఈగలు పట్టి మేపే కోడల్ని నిన్నే చూస్తున్నా తల్లీ." అలా అంటూనే ఈగలు పట్టిపెట్టేదీ ఆవిడే.

ఇది కొత్త జాతి అని వర్ణన రాసి, బొమ్మలతో సహా తన పైఅధికారి పెద్దసారుకు ఇచ్చింది. మ్యూజియం నుంచి ఏ వర్ణన అచ్చుకు వెళ్లాలన్నా ఆయనా, ఇద్దరు పరీక్షకులూ ఒప్పుకోవాలి. ఆయన రెండు పేజీలు తిప్పి పక్కన పడేశారు.

"ఇది నేను ఇరవై రెండేళ్ల కిందట వర్ణించిందే కదమ్మా. కొత్తదంటావేంటి?"

"నుదుటి పట్టీ చూడండి సార్."

"స్పిరిట్‌లో వేస్తే రంగులన్నీ పోతాయి, నాదానికీ అలాగే పోయుంటుంది. రంగు కాదు, చేతులు చూడాలి."

ఆ మాట నిజమే. మగ సాలీడుకు మూతి పక్కన రెండు బుల్లి చేతులుంటాయి. వాటి చివరి కొక్కెం ఒక్కో జాతికి ఒక్కో తీరు. పెద్దసారు తన పాత వ్యాసం తెరిచి అందులో బొమ్మ మీద వేలు పెట్టారు. "అదే వంపు. కాస్త తేడా ఉందంటే అది గీసిన చేతిది."

ఆమె ఆ బొమ్మను గుర్తుపట్టింది. ఆ బొమ్మ గీసింది తనే, ఉద్యోగంలో చేరిన మొదటి నెలలో. ఆయన తెచ్చిన నమూనా ఇంకా ఎదగని పిల్లది. బుల్లి చేతులు మొగ్గల్లా ముడుచుకుని ఉన్నాయి, కొక్కెమే లేదు. "పెద్దదైతే ఎలా ఉంటుందో అలా గీసెయ్" అన్నారాయన. దాని దగ్గరి జాతుల్ని చూసి, ఊహించి గీసింది. అప్పుడు నోరు విప్పలేదు. ఇప్పుడు తన ఊహే తన సాలీడుకు అడ్డం పడింది.

సాయంత్రం ఇంటికొచ్చి అత్తగారితో చెప్పుకుంది.

"నిజం చెప్తే ఉద్యోగం పోవచ్చు అత్తయ్యా. దొంగబొమ్మ గీసింది నేనే కదా."

"చెప్పకపోతే?"

"నా సాలీడు ఆయన లెక్కలోకి పోతుంది."

అత్తగారు సీసా మీద వేలు ఆనించింది. లోపలి మగ సాలీడు ఆ వేలికి ఎదురుగా తిరిగి, ముందుకాళ్లు రెండూ పైకెత్తి నిలబడింది.

"దీనికున్న పొగరు నీకు లేకపోయిందే," అంది ఆవిడ.

పరీక్షకులు వచ్చిన రోజున బొమ్మలమ్మ ఎవరూ పిలవకుండానే పెద్దసారు గదిలోకి వెళ్లింది.

"సార్, మీ నమూనా సీసా తెరవండి."

"అంత పాతది, ముట్టుకుంటే పాడవుతుంది. బొమ్మ ఉంది కదా?"

"ఆ బొమ్మ గీసింది నేను. చూసి గీయలేదు. మీరు గీయమన్నారు, నేను ఊహించి గీశాను."

పెద్దసారు ముఖం మాడిపోయింది. "ఏం ఒప్పుకుంటున్నావో తెలుస్తోందా నీకు?"

"తెలుసు సార్. వర్ణనలో మొదటి పేరాలోనే రాశాను," అని కొత్త కాగితం బల్ల మీద పెట్టింది.

పరీక్షకుల్లో పెద్దావిడ ఆ పేరా చదివి, నమూనాల బీరువా తాళంచెవి కోసం చెయ్యి చాపింది. పెద్దసారు జేబులోంచి తీసి ఇచ్చారు. ఆవిడ సీసా తెరిచి, నమూనాను మైక్రోస్కోపు కింద పెట్టి చాలాసేపు చూసింది.

"ఇది పిల్లది. కొక్కెం లేదు. దీన్ని చూపించి ఆమె సాలీడు పాతదే అనలేం," అంది.

పెద్దసారు బొమ్మలమ్మ వైపు తిరిగారు. "రేపటినుంచి ఇక్కడ నీకు పని ఉండదు."

"ఉండకపోతే పోనీండి సార్. ఇవాళ ఉంది."

అని తన బల్ల దగ్గరికి వెళ్లి కూర్చుంది. తన సాలీడు బొమ్మ కింద, ఇన్నేళ్లూ ప్రతి బొమ్మకీ ఖాళీగా వదిలేసిన మూలలో, అందరికీ కనపడేంత పెద్ద అక్షరాలతో 'చూసి గీసింది' అని రాసి, పక్కన తన పేరు పెట్టింది.