స్క్రూ లేని గిన్నె

వడ్రంగి తలుపు చట్రం మూలను సుత్తితో తట్టి కూర్చాడు. చెక్క గాడిలో బిగుతుగా కూర్చుంది. అక్కడితో ఆగే మనిషి కాడు. జిగురు పట్టినా సరే, పైన ఒక స్క్రూ దిగాల్సిందే. తోటివాళ్లు అతనికి 'ఇంకొక్కటి' అని పేరు పెట్టారు. ఇవాళ ఆ ఇంకొక్కటి దిగేసరికి చెక్క నిలువునా పగిలింది. మనసు మనసులో లేదు మరి. పనిముట్లు సర్దేసి, భార్యను స్కూటర్ మీద ఎక్కించుకుని ఆసుపత్రికి బయల్దేరాడు.

ఆమె సిటీ బస్సు కండక్టరు. ఏళ్ల తరబడి ఊగే బస్సులో నిలబడి టికెట్లు కొట్టీ కొట్టీ తుంటి కీలు అరగదీసుకుంది. కొన్ని నెలల కిందట ఆపరేషన్ చేసి కీలు గుంటలో లోహపు గిన్నె అమర్చారు, ఎముకకు అతికించే సిమెంటు లేకుండా. అలాంటి గిన్నెకు స్క్రూలు వేస్తే మేలా, ఉత్తినే బిగుతుగా దిగ్గొట్టి వదిలేస్తే మేలా అని డాక్టరమ్మ పోల్చి చూస్తోంది. ఎవరికి ఏదన్నది చీటీ వేసి తేలుస్తారు. ఆమె సరేనంది. చీటీలో స్క్రూ రాలేదు. అప్పట్నుంచి వడ్రంగికి కంటిమీద కునుకు లేదు. గిన్నె కదిలిందో, మళ్లీ కోత. ఉద్యోగానికి నీళ్లొదులుకోవాల్సిందే.

డాక్టరమ్మ పాత ఎక్స్‌రేనీ కొత్తదాన్నీ పక్కపక్కన పెట్టింది.

"కదల్లేదు. ఎముక పెరిగి గిన్నెను పట్టేసుకుంది."

"ఒక్క స్క్రూ వేసుంటే ఇంకా గట్టిగా ఉండేది కదమ్మా?"

"ఇంతవరకూ రెండు రకాలూ ఒకేలా నిలబడ్డాయండీ. మొదట్లో కదలకుండా కూర్చుంటే చాలు, తర్వాత సంగతి ఎముకే చూసుకుంటుంది."

"ఆయన మాటకేం లెండి డాక్టరుగారూ," అంది భార్య. "ఇన్నేళ్లుగా కలిసే ఉన్నాం కదా, మా ఇద్దరికీ ఎవరు వేశారట స్క్రూ?"

అతనికి నవ్వూ ఏడుపూ కలిసొచ్చాయి. కండువాతో ముఖం తుడుచుకున్నాడు. ప్రాణం లేచొచ్చినట్టయింది.

గేటు బయట ఆమె డిపో బస్సు ఆగింది. డ్రైవరు ఆమెను చూసి హారన్ మోగించాడు.

"డిపోలో కనబడి, ఎప్పట్నుంచి రమ్మంటారో కనుక్కొస్తా. మీరెళ్లండి."

మెట్టు ఎక్కుతుంటే మోచెయ్యి పట్టుకుందామని అతని చెయ్యి ముందుకెళ్లింది. ఈసారి మాత్రం ఆపుకున్నాడు. ఆమె కమ్మీ పట్టుకుని తనంతట తానే ఎక్కింది. లోపల ఎవరితోనో నవ్వుతూ మాట్లాడుతుండగానే బస్సు కదిలిపోయింది.

అతను స్కూటర్ దగ్గరికి నడిచాడు. ఆమె తుంటి మరీ వంగకుండా వెనక సీటు మీద కట్టిన ఎత్తు దిండులో ఆమె కూర్చున్న గుంట ఇంకా అలాగే ఉంది.