ఇరవై రెండుసార్లు తెరిచిన సొరుగు

రండి రండి, దగ్గరికి జరగండి. గుమ్మంలో నిలబడ్డాయనా, లోపలికి వచ్చెయ్, గాలికి అడ్డం. గుసగుసలు ఆపండమ్మా, మీ తోటికోడలి సంగతి రేపు మాట్లాడుకోవచ్చు. మధ్యలో ఎవరైనా దగ్గితే మళ్ళీ మొదటినుంచి మొదలుపెడతాను, ఆ తర్వాత నన్ను అనొద్దు.

ఒక పెద్దాసుపత్రి, దాని వెనక మూడో అంతస్తులో రక్తం పరీక్షించే గది. ఆ గదిలో ఏసీ ఎంత చల్లగా ఉండేదంటే, పొద్దున తిట్టిన తిట్టు అక్కడే గడ్డకట్టి, మధ్యాహ్నం కరిగాక గానీ అవతలివాళ్ళ చెవిన పడేది కాదు. అందుకే అక్కడ గొడవలన్నీ భోజనాలయ్యాకే.

గది మధ్యలో ఒక మిషను. రక్తంలోని తెల్లకణాలని సన్నటి నీటిధారలో ఒకదాని వెనక ఒకటి నడిపిస్తుంది. ఒక్కోదాని మీద లేజరు కొడుతుంది. ఏది మెరిసింది, ఏది మెరవలేదు, తెర మీద చుక్కలు పెట్టి చూపిస్తుంది. దాన్ని నడిపే మనిషిని అందరూ రేకు బావ అనేవారు. మిషనుకి వాడే రంగులు మహా పిరికివి, వెలుతురు తగిలితే చచ్చిపోతాయి. అందుకని ఆయన ప్రతి సీసాకీ వెండిరేకు చుట్టేవాడు. చుట్టీ చుట్టీ చెయ్యి ఆగక క్యారియరుకి చుట్టాడు, గొడుక్కి చుట్టాడు, కునుకుతీస్తున్న గుమస్తాకి నడుందాకా చుట్టేశాడు. పాపం గుమస్తా ఆ వెండి లుంగీతోనే బస్సెక్కి ఇంటికి పోయాడు.

ఆ గదిలోనే ఒక అక్క పనిచేసేది. పన్నెండేళ్ళ అనుభవం. ఆమె చెయ్యి ఎంత నిలకడంటే, భూకంపం వచ్చినప్పుడు కూడా రక్తపు బొట్టు అటూ ఇటూ పోలేదు, భూమే సర్దుకుంది. ఆ అక్కకి ఒక తమ్ముడు. వాడి ఒంట్లో కాపలా కాయాల్సిన కణాలు నిద్రపోయే జబ్బు. నెలకో జ్వరం, రెండు నెలలకో నిమ్ము. అదే ఆసుపత్రిలో మంచం మీద ఉన్నాడు.

అప్పుడే ఒక కొత్త మందు వచ్చింది. కొందరికే ఇస్తారు, అందులో ఒక్క చోటు మిగిలింది. ఎవరి కణాలు ఆ మందు మాట వింటాయో వాళ్ళకే ఆ చోటు. విన్నాయో లేదో ఎలా తెలుస్తుందంటారా? మందు వెళ్ళి కణం తలుపు కొడుతుంది. లోపల ఒకడు ఇంకొకడికి చెప్పి, వాడు మరొకడికి చెప్పి, కబురు లోపలిదాకా పోతుంది. కబురు అందుకున్నవాడి భుజాన చిన్న గుర్తు పడుతుంది. ఆ గుర్తు తప్ప ఇంకేదీ ముట్టుకోని యాంటీబాడీ ఒకటుంది. దాని తోకకి రంగు కట్టి లోపలికి పంపుతారు. గుర్తుంటే పట్టుకుంటుంది, లేజరు కింద మెరుస్తుంది. లేకపోతే చీకటే.

సొంతవాళ్ళ రక్తం సొంతవాళ్ళు ముట్టుకోకూడదని అక్కడ రూలు. ట్యూబుల మీద పేర్లుండవు, నంబర్లే. కానీ తమ్ముడు మణికట్టు మీది పట్టీ చూసి ముందే చెప్పేశాడు.

"అక్కా, నాది నలభై ఒకటి. ఎవడో చేతకానివాడి చేతిలో పెట్టకే."

"నోర్మూసుకుని పడుకోరా. నేనుండగా ఎవరి చేతిలో పెడతాను?"

పరీక్ష రోజు పొద్దున నలభై ఒకటి ఆమే తీసుకుంది. మందు తగిలించింది. సరిగ్గా పదిహేనో నిమిషాన కణాలని ఎక్కడివక్కడ బిగించేసే ద్రావకం పోసింది, కబురు చెరిగిపోకుండా. రంగు యాంటీబాడీ కలిపింది, దానితోపాటు గుర్తున్నా లేకపోయినా మెరిసే సాక్షి రంగు కూడా. రేకు చుట్టి చీకటి సొరుగులో పెట్టింది. ఇంక అరగంట ఊరుకోవడమే పని.

ఊరుకుంటే కథేముంది? రెండు నిమిషాలకి సొరుగు తెరిచింది. రేకు విప్పి, ట్యూబు కిటికీ దగ్గర ఎత్తి పట్టుకుని, అడుగున కణాలు ఉన్నాయో లేదో చూసుకుంది. మళ్ళీ పెట్టింది. మళ్ళీ తీసింది. జ్వరం పిల్లాడి నుదురు తడిమినట్టు తడిమి తడిమి చూసింది. వేరే ఎవరిదైనా అయితే ఒక్కసారి కూడా తెరిచేది కాదు. తమ్ముడిది కాబట్టి ఇరవై రెండుసార్లు తెరిచింది.

ట్యూబు మిషనుకెక్కింది. తెర మీద నల్లగా, చదునుగా, చీపురుతో ఊడ్చినట్టు ఉంది.

రేకు బావ గొంతు తగ్గించాడు. "ఏమ్మా, ఎప్పుడూ మెరవాల్సిన సాక్షి రంగు కూడా వెలవెలబోయిందేంటి? ఇది కణాల తప్పు కాదు. రంగు చచ్చిపోయింది. వెలుతురు తగిలిందా?"

అక్క సొరుగు వైపు చూసింది.

వెనకనుంచి పెద్దసారు వచ్చాడు. ఆ గదికి ఆయనే యజమాని. ఆయన నవ్వితే కుండీలో మొక్కలు ఎండిపోయేవి, అందుకని ప్లాస్టిక్ మొక్కలు పెట్టారు, అవీ వాడిపోయాయి. తెర చూసి ఆయన నవ్వాడు.

"అబ్బ, ఎంత చదునుగా ఉందో! మందు మాట వినని రోగి ఒక్కడు తక్కువపడ్డాడు నా పరిశోధన వ్యాసానికి. వీడు అచ్చు గుద్దినట్టు సరిపోయాడు."

"సార్, రంగు పోయినట్టుంది," అన్నాడు రేకు బావ.

"నీకు చుట్టడం వచ్చు. చూడటం నాకొదిలెయ్ బావా." పన్నెండు కాకుండానే, ఆ చోటుకి నలభై ఒకటి పనికిరాదని రాసి జాబితా పైకి పంపేశాడు.

అక్క రెండు గంటలు మెట్లమీద కూర్చుంది. చెబితే ఉద్యోగం పోతుంది. చెప్పకపోతే తమ్ముడి చోటు పోతుంది. లేచి వెళ్ళి చెప్పేసింది.

"సార్, నలభై ఒకటి మా తమ్ముడిది. నేనే సొరుగు తెరిచాను. ఇరవై రెండుసార్లు. వాడి తప్పేం లేదు, ఇంకోసారి చేయించండి సార్, మీ కాళ్ళు పట్టుకుంటాను."

పెద్దసారు కోప్పడలేదు. కుర్చీ వేశాడు, మంచినీళ్ళు ఇచ్చాడు. "నిజం చెప్పావు తల్లీ. ఇదంతా కాగితం మీద రాసి సంతకం పెట్టు. ఇరవై రెండు అన్నది అక్షరాల్లో కూడా రాయి. సాయంత్రమే మళ్ళీ చేయిద్దాం."

ఆమె రాసింది. తమ్ముడి దగ్గర మళ్ళీ రక్తం తీశారు. ఈసారి రేకు బావ తానే పట్టుకున్నాడు. ట్యూబుకి రేకు, సొరుగుకి రేకు, కిటికీకి రేకు, చివరికి తన కళ్ళకి కూడా.

తెర మీద చుక్కలు లేచాయండీ! దీపాలు వెలిగించిన ఊరిలాగ. అంత వినికిడి ఉన్న కణాలని ఆ మిషను పుట్టాక చూడలేదు. రేకు బావ ఏడ్చాడు. అక్క ఆ తెరని చేత్తో నిమిరింది.

"విన్నాయి సార్! అయితే ఆ చోటు మా వాడికేగా?"

"చోటా? అది మధ్యాహ్నం పన్నెండింటికే వేరేవాళ్ళకి వెళ్ళిపోయిందమ్మా. మందు కూడా ఎక్కించేశారు."

"మరి... మళ్ళీ ఎందుకు చేయించారు?"

"గోడకి. కొత్తగా చేరేవాళ్ళకి ఎంత చెప్పినా రేకు విలువ ఎక్కట్లేదు. ఒకే మనిషి, ఒకే రోజు, ఒకటి చీకట్లో, ఒకటి వెలుతుర్లో. ఇంత మంచి జోడీ బొమ్మ ఎక్కడ దొరుకుతుంది? కింద నువ్వు రాసిచ్చిన కాగితం కూడా అతికిద్దాం. రేపట్నుంచి నువ్వు రానక్కర్లేదు."

ఆమె వెళ్ళిపోయింది. తమ్ముడు ఇంకో మూడు జ్వరాలు దాటాడు, నాలుగోది దాటలేదు. బొమ్మలు మాత్రం అద్దాల చట్రంలో వరండా గోడకెక్కాయి, ఎడమ పక్క నలుపు, కుడి పక్క వెలుగు, కింద ఆమె సంతకం.

ఒకరోజు రేకు బావ ఆ చట్రం తుడుస్తూ, నీళ్ళ ఫిల్టరు బాగుచెయ్యడానికి వచ్చినాయనకి ఈ కథంతా చెప్పాడు. ఆయన స్పానరు చంకలో పెట్టుకుని, నోరు తెరుచుకుని విన్నాడు. కుడిపక్క బొమ్మని చాలాసేపు చూసి, నిట్టూర్చి అన్నాడు:

"ఇంత వెలుగు ఒంట్లో పెట్టుకుని పడుకుంటే, పక్కమంచం వాళ్ళకి నిద్రెలా పట్టేదండీ, పాపం?"