తొణకని పల్లకీ

మా వదిన బురదలో చచ్చిపోయింది. పురిటి నొప్పులు మొదలైతే మంత్రసాని ఉన్న ఊరికి బండి కట్టాం. ఊరు దాటగానే ఇరుసు దాకా దిగబడింది. ఎడ్లను విప్పి మేమే లాగాం. ఆమె మూలుగు ఆగిపోయాక కూడా లాగుతూనే ఉన్నాం.

పది రోజులకు ఆ దారిని తనిఖీ చేయడానికి అధికారి వచ్చాడు, పల్లకీలో, తెరలు దించుకుని. మోసింది మేమే. ముందు పెదనాన్న, వెనక నేను. వెనకవాడికి దారి కనపడదు. పెదనాన్న "ఎడమ గుంట" అంటే "సరే" అని అడుగు మార్చుకుంటాం. అలా మోస్తే లోపల గిన్నెలో నీళ్లు కూడా తొణకవు. పెదనాన్నకు అదే గొప్ప.

దిగగానే అధికారి రాయించాడు: "దారి బాగుంది. మరమ్మతు అక్కర్లేదు." ఏటా ఇదే రాయిస్తున్నాడట.

ఆ సాయంత్రం బోయీలందరం మా ఇంట్లో చేరాం. నెలలు నిండిన నా భార్య గోడకు చేరబడి అడిగింది.

"తొణక్కుండా మోస్తే ఆయనకు గుంట ఎట్లా తెలుస్తుంది మామయ్యా?"

"అది నలభై ఏళ్ల పనితనమమ్మా."

"ఆ పనితనమే అక్కను మింగింది. రేపో ఎల్లుండో నా వంతు."

తెల్లవారేదాకా వాదించుకున్నాం.

మర్నాడు అధికారి తిరుగు ప్రయాణంలో, బండి దిగబడిన చోటే పెదనాన్న ఆగాడు.

"దించండ్రా."

బురదలో దించేశాం. అధికారి తెర తీశాడు.

"ఏమిట్రా ఇది? ఎత్తండి."

"దారి బాగుందన్నారుగా. నడవండయ్యా."

"జైల్లో వేయిస్తా."

"వేయించండి. జైలుకైనా ఈ దారినే పోవాలి."

వెంట వచ్చిన బంట్రోతులు మా చేతులు కట్టేశారు. చూడవచ్చిన ఊరివాళ్లను పల్లకీ ఎత్తమని కొట్టారు. ఒక్కడూ భుజం వంచలేదు. చివరికి అధికారి దిగి మా ముందు నడిచాడు.

ముందు జైలు, వెనక నేడో రేపో అన్నట్టున్న భార్య. ఎటూ కదల్లేని చోట ఇరుక్కుపోయాను. భయమేసింది.

అలవాటు కొద్దీ పెదనాన్న "ఎడమ గుంట" అన్నాడు. అధికారి వినిపించుకోలేదు, పడ్డాడు.

"సరే" అని మా వెనక ఊరంతా పలికింది.

తిరిగి చూశాను. పారలతో, తట్టలతో జనం దారికి అడ్డంగా నిండిపోయారు. పల్లకీని మా బండి దిగబడిన గుంటలోకి తోసేసి, దాని మీద రాళ్లు పోస్తున్నారు. బండి పోయేంత వెడల్పున.