ఎడమ చెవి తడి

చెప్పండి చూద్దాం, మేక ఒళ్లు ఎప్పుడు విదిలిస్తుంది? వానలో తడిసినప్పుడు. సరే. ఈగ వాలినప్పుడు. అదీ సరే. మూడోది మీ పుస్తకాల్లో ఉండదు, నేనే చెప్పాలి. అడిగినదానికి ఒప్పుకున్నప్పుడు.

మనవాళ్లలో మొక్కుబడి మేకను ఊరికే కొయ్యరు. గుడి ముందు నిలబెట్టి, పసుపు నీళ్లు చల్లి, "ఇస్తావా?" అని అడుగుతారు. అది తల నుంచి తోక దాకా ఒళ్లు విదిలిస్తే ఉత్తరువు ఇచ్చినట్టు. విదిలించకపోతే కత్తి ఎత్తకూడదు. గంటైనా, రోజైనా కాచుకోవాలి. ఇది గుర్తుపెట్టుకోండి, మిగతాదంతా దీనిమీదే నడుస్తుంది.

మా అమ్మ వల్లియమ్మకు అప్పుడు తొమ్మిదేళ్లు. కోయంబత్తూరులో ఒక మిల్లు వెనక వరుస ఇళ్లలో ఉండేవారు. ఆ వీధిలో ఎవరికీ గడియారం లేదు, అక్కర్లేదు. మిల్లు సంగు, అదే సైరను, కూస్తే లేవడం, సంగు కూస్తే పొయ్యి మీది రాగికళి, మన సంగటే, దించడం. సాయంత్రం నాలుగు గంటల సంగు కూసేలోపల మా తాత కుళందైసామి తలగుడ్డ చుట్టుకుని మిల్లు గేటు దగ్గర ఉండాలి. ఆయన బదిలీ కూలి. అంటే, ఎవరైనా పనికి రాకపోతే వాళ్ల మిషను దగ్గరికి ఈయన్ను పంపుతారు. ఒక్కరోజు గేటు దగ్గర కనబడకపోతే చాలు, వరుసలో పేరు అడుక్కి పోతుంది. నాలుగేళ్లు నిలబడితే తాత పేరు పైకి వచ్చింది. ఇక నిలవరమైన పని నేడో రేపో అన్నట్టు ఉండేది.

అమ్మకు విషజ్వరం వచ్చి తగ్గినప్పుడు మా అవ్వ జానకమ్మాళ్ కులదేవతకు మేకపోతును మొక్కుకుంది. పిల్ల పేరున మొక్కిన మేకను ఆ పిల్లే మేపాలి. దానికి పేరు మాత్రం పెట్టొద్దని అవ్వ గట్టిగా చెప్పింది. నుదుట నిలువుగా తెల్లచార ఉండేసరికి అమ్మ దాన్ని నామంగాడు అంది. ఏడాదంతా నామంగాడు అమ్మ చేతిలోనే తిన్నాడు, అమ్మ మంచం కోడుకే ఒళ్లు రుద్దుకున్నాడు.

గుడి కినత్తుకడవు దగ్గర కొబ్బరి తోటల్లో ఉంది. నామంగాడిని గుడి మందలో వదిలేస్తామని చెప్పి అమ్మను తోటలోకి ఆడుకోమని పంపేశారు. పూజారి కాళియప్పన్ నీళ్లు చల్లి అడిగాడు. మేక కదల్లేదు. మళ్లీ చల్లాడు. పది దాటింది, పన్నెండు దాటింది. చుట్టాలకు కడుపులు కాలుతున్నాయి. "నామం పెట్టుకున్నది గదా, మాంసం మాట ఎత్తితే ఎట్ల ఒప్పుకుంటాది?" అని ఎవరో అంటే అందరూ నవ్వారు.

తాత మాత్రం నవ్వలేదు. ఒంటిగంట రైలు తప్పితే నాలుగింటికి గేటు దగ్గర ఉండలేడు. పూలదండ సరిచేస్తున్నట్టు వంగి, భుజం మీది తువ్వాలు అడ్డం పెట్టి, చెంబులో నీళ్లు మేక ఎడమ చెవిలోకి వంచాడు. మేక తల విదిలించింది.

ఆకలి మీదున్నవాళ్లకు ఆ తల విదిలింపే చాలింది, ఉత్తరువు వచ్చిందన్నారు అందరూ. చెవిలో నీళ్లు పడితే ఏ మేకైనా తల విదిలిస్తుంది. అది జవాబు కాదు, ఇబ్బంది. ఆ సంగతి తాత ఒక్కడికే తెలుసు. ఆయన రైలుకు పరుగెత్తాడు. అమ్మ తోటలోనుంచి వచ్చి, ఆకలి మీద మూడు ముక్కలు అడిగి వేయించుకుని తిన్నది.

మరుసటి రోజు అందరూ ఇంటికి చేరారు. నాలుగు గంటల సంగు కూయగానే నామంగాడు వీధి మలుపు తిరిగి వచ్చాడు. వాకిట్లో తనను కట్టేసే గూటం దగ్గర తనే నిలబడ్డాడు. ఎడమ చెవినుంచి నీళ్లు బొట్లు బొట్లుగా కారుతున్నాయి. అమ్మ పరుగున వెళ్లి మెడ కౌగిలించుకుంది. మెడ చుట్టూ సన్నని గీత ఒకటి చేతికి తగిలింది, చల్లగా.

అమ్మ లోపలికి వచ్చి పొయ్యి దగ్గర నిలబడింది.

"అమ్మా, నేను తిన్నది ఎవుర్ని?"

అవ్వ కళి గెలుకుతూనే ఉంది.

ఆ రోజునుంచి రోజూ సంగుకు వచ్చేవాడు. ఆకు పెడితే ముట్టేవాడు కాదు. దీపాలు పెట్టేదాకా నిలబడి వెళ్లిపోయేవాడు. వీధి దానికి అలవాటు పడింది. పక్కింటి సెల్లమ్మాళ్ మూడున్నరకే వడియాలు ఎత్తేసుకునేది. "మీ మేక చెవి కారస్తాది జానకీ, కొంచెం అవతలకి కట్టరాదా?" అనేది. కట్టడానికి మెడలో తాడు లేదని అవ్వ జవాబిచ్చేది.

అమ్మకు మాత్రం తిండి దిగలేదు. మొదట మాంసం వాసన పడలేదు, తర్వాత కళి గొంతు దాటలేదు, ఆఖరుకు గంజి కూడా కక్కేసింది. వైద్యులు నాడి పట్టుకుని ఏమీ లేదన్నారు. నెల తిరిగేసరికి పిల్లను ఎత్తితే దూదిబుట్ట ఎత్తినట్టు ఉండేది. అవ్వకు ఏమీ తోచక రోజూ నామంగాడి మీద పసుపు నీళ్లు చల్లి, "ఏం కావాలో చెప్పు" అని అడిగేది. వాడు కదిలేవాడు కాదు. కాళియప్పన్‌కు కబురంపితే, ఉత్తరువు ఇవ్వడం నా కళ్లతో చూశానే అన్నాడు.

వీధంతా చూసిన నామంగాడిని చూడనిది తాత ఒక్కడే. సంగు వేళకు ఆయన గేటు దగ్గర ఉండేవాడు కదా. చూస్తానని కూడా ఎప్పుడూ అనలేదు.

ఒకరోజు మూడున్నరకు ఆయన తలగుడ్డ చుట్టుకుని అమ్మ మంచం దాటుతుంటే, అమ్మ ఆయన తువ్వాలు పట్టుకుంది. లాగడానికి బలం లేదు, ఊరికే పట్టుకుంది. తాత తలగుడ్డ విప్పి మంచం మీద పెట్టాడు. సంగు కూసింది. ఆయన ఇంట్లోనే ఉన్నాడు.

నామంగాడు వచ్చాడు. తాత ఎదురుగా గొంతుక్కూర్చుని, ఆ రోజు అడ్డం పెట్టిన తువ్వాలుతోనే ఎడమ చెవి తుడిచాడు.

"ఆ పొద్దు నేను నిన్ను అడగనిచ్చినాను గాని, జవాబు చెప్పనీలేదు. చెవిలో నీళ్లు పోసినాను. రైలుకని." అవ్వ గుమ్మంలో నిలబడి వింటోంది. ఆయన చెంబు తీసుకుని నీళ్లు చల్లాడు. "ఇప్పుడు అడగతుండా. ఇస్తావా?"

కాచుకున్నాడు. సెల్లమ్మాళ్ ఇంట్లో దీపం వెలిగింది. మన ఇంట్లో వెలిగించలేదు. నామంగాడి ఒంటి మీద వెంట్రుక కూడా కదల్లేదు.

"ఇయ్యవు," అన్నాడు తాత చివరకు. "ఆ పొద్దూ ఇయ్యలే. తెలిసింది సామీ."

లేచి గూటం పీకేశాడు. నామంగాడు మెల్లగా లోపలికి నడిచి, అమ్మ మంచం దగ్గర ఆగి, అరచేయి వాసన చూశాడు. అప్పుడు మంచం మీద అమ్మ ఒళ్లు తల నుంచి పాదాల దాకా ఒక్కసారి విదిలించింది, వానలో తడిసిన మేక విదిలించినట్టు. ఆ తర్వాత గంజి అడిగింది. అవ్వ గంజి తెచ్చేసరికి అక్కడ మేక లేదు, నేల పొడిగా ఉంది.

మరునాడు గేటు దగ్గర తాత పేరు అడుక్కి పోయింది. అది మళ్లీ పైకి రాలేదు. ఆయన కినత్తుకడవు తోటల్లో కాపలాకు పోయాడు. అమ్మ బతికింది, అందుకే నేనున్నాను, మీరున్నారు. కానీ బతికినన్నాళ్లూ నాలుగు గంటల సంగు కూస్తే అమ్మ ఎడమ చెవి తడిసేది. కొంగుతో తుడుచుకుని పని చేసుకునేది. ఇంట్లో కోడిని కొయ్యాలన్నా నీళ్లు చల్లి, అడిగి, పీట వేసుకుని ఎదురుగా కూర్చునేది. అది ఒప్పుకున్ననాడు తిన్నాం. ఒప్పుకోనినాడు చారు తాగి పడుకున్నాం. ఒప్పుకోని రోజులే ఎక్కువ.

ఆ మిల్లు మూతపడి ఎన్నేళ్లయిందో. సంగు కూయడం లేదు. అయినా చూడండి, నాలుగైనట్టుంది, నా కొంగు తడిసింది.

సరే, నేను లేస్తాను. పెరట్లో మీ నాయన తెచ్చిన పుంజుకు పొద్దుననగా నీళ్లు చల్లి వచ్చాను. ఇంకా ఊరికే నిలబడే ఉంది. వాడేమో కత్తి నూరుకుని గడియారం చూస్తున్నాడు. చెంబు అక్కడే మరిచిపోయాను.