లైట్‌హౌస్ ఎక్కని ఇద్దరు

ఇల్లు పంచుకున్ననాటి నుంచి ఆ తోడికోడళ్ళిద్దరూ ఎడమొహం పెడమొహమే. పిల్లల బలవంతం మీద ఒకే పడవలో దీవి చూడ్డానికి వచ్చారు. అందరూ లైట్‌హౌస్ ఎక్కడానికి వెళ్తే, మోకాళ్ళ నొప్పులతో వీళ్ళిద్దరే ఒడ్డున మిగిలారు.

అంతలో ఒక అల పెద్దకోడలు విప్పిపెట్టిన చెప్పును లాక్కుపోయింది. చిన్నకోడలు గబగబా నీళ్ళలోకి దిగి, నడుం దాకా తడిసి, దాన్ని పట్టుకొచ్చింది.

"మోకాళ్ళ నొప్పులన్నావుగా?"

"అవి మెట్లకేలే అక్కా, నీళ్ళక్కాదు."

ఆ పిలుపు విని ఎన్నాళ్ళయిందో. పెద్దకోడలికి నవ్వాగలేదు. తన తువాలు అందిస్తూ, "పద, ఎండలో నడిస్తే బట్టలారతాయి" అంది.

తాపీగా నడుస్తూ ముందు ఇద్దరూ మొగుళ్ళను తిట్టుకున్నారు. దీవి సగం చుట్టేసరికి పెద్దకోడలు ఆదివారం భోజనానికి పిలిచేసింది.

"పొద్దున్నే వస్తా, కూరలు నేను తరుగుతా" అంది చిన్నకోడలు.